బయట ఉండిపోయిన ఫైలు

పోయిన వారం ఎల్బీనగర్‌లోని ఒక చిన్న దవాఖాన నుంచి ఫోన్ వచ్చింది. ల్యాబ్‌లో పాత కంప్యూటర్ తీసేస్తున్నారట. రిపోర్టులు ముద్రించే ప్రోగ్రామ్ నేను పెట్టిందే కాబట్టి వచ్చి చూడమన్నారు. వెళ్లి, దుమ్ము తుడిచి ఫోల్డర్ తెరిస్తే రెండే ఫైళ్లున్నాయి. పెద్దది నేను కట్టింది. దాని పక్కనున్న చిన్నదాన్ని చూడగానే నా ముఖం వేడెక్కింది. "రెండిట్ల ఏది తీసెయ్యాలె అంకుల్?" అని ల్యాబ్ అమ్మాయి అడిగింది. 

మాది పేరున్న ఇల్లు. ఆ పేరు తప్ప మిగిలినవన్నీ నేను పుట్టేనాటికే పోయాయి. మన్సూరాబాద్‌లో రెండు గదుల కిరాయి ఇంట్లో ఉంటూ, చొక్కా నేనే ఇస్త్రీ చేసుకుని, దిల్‌సుఖ్‌నగర్‌లో కళ్లద్దాల దుకాణం పైనున్న ఆఫీసుకు వెళ్లేవాణ్ణి. నన్ను చూడగానే రిసెప్షన్ అమ్మాయి "దొరగారు ఒచ్చిండ్రు, కుర్చీ తుడువున్రి" అని గాలితో చెప్పినట్టు చెప్పేది. నేను విననట్టు నడిచేవాణ్ణి. పన్నెండేళ్ల కిందటి మాట, తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులవి. వారం తిరగకముందే ఇంకో బంద్ వచ్చేది. ఊరేగింపుల్లో నేనూ నమ్మి నడిచినవాణ్ణే. నా ఎదురు టేబుల్ మేడం గుంటూరు వైపు మనిషి. నాకంటే పెద్దావిడ, పనిలో నాకంటే చాలా పెద్దది. మా యజమాని ఇద్దరినీ కూర్చోబెట్టి, ఈ దవాఖాన పని అయ్యాక ఒక్కరినే ఉంచుకోగలనని ముందే చెప్పేశాడు.

ప్రోగ్రామ్ ఆమె రాసింది. దాన్ని ఒక్క ఫైలుగా కట్టే పని నాది. ప్రోగ్రామ్ ఒక్కటే పంపితే వంటవాణ్ణి పంపి పొయ్యి, గిన్నెలు ఇంట్లో ఉంచుకున్నట్టు. అది నడవడానికి కావలసినవన్నీ ఒకే డబ్బాలో సర్ది, ఏ కంప్యూటర్‌లో నొక్కినా లేచి పనిచేసేలా చేయాలి. ఎవరి మీదా ఆధారపడని ఆ ఒక్క ఫైలంటే నాకు లోలోపల గర్వంగా ఉండేది. "ఏమీ లేని కంప్యూటర్‌లో వేసి చూశారా అండీ?" అని ఆమె రెండుసార్లు అడిగింది. మా ఆఫీసులో అలాంటిది ఒక్కటే ఉంది, రిసెప్షన్‌లో. పేకాట తప్ప అందులో ఏమీ ఉండేది కాదు. దాని ముందు కూర్చోవాలంటే ఆ అమ్మాయిని "జర లేస్తవా" అని అడగాలి. నేను అడగలేదు. "చూసిన" అని మేడంతో అబద్ధం చెప్పాను.

మర్నాడు బంద్. బస్సులు లేవు, దవాఖాన డాక్టరు గారేమో ప్రోగ్రామ్ ఆ రోజే కావాలన్నారు. ఇద్దరం నడిచే బయల్దేరాం. కొత్తపేట దగ్గర రోడ్డు మీద కూర్చున్న యువకుల్లో ఒకడు లేచి వచ్చి, "అక్కా, ఎండ మస్తున్నది, జర నీళ్లు తాగి పో" అని ప్యాకెట్ అందించాడు. "థాంక్సండీ" అంది మేడం. "అక్క మనల్ని అండీ అన్నదిరా!" అని వాడు అరిస్తే అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నీళ్లు తాగి ముందుకు నడిచాం.

దవాఖానలో ఫైలు నొక్కాను. తెర మీద నల్లటి కిటికీ ఒకటి తళుక్కుమని మాయమైంది. మళ్లీ నొక్కాను. మళ్లీ అంతే. "ఏందయ్యా, గిట్ల ఒచ్చి గట్ల పాయె?" అన్నారు డాక్టరు గారు.  ఉండబోయేది ఒక్క ఉద్యోగమేనన్నది గుర్తొచ్చింది. నా నోటి నుంచి ఈ మాటలు వచ్చాయి: "మేడం రాసిన్రు సార్. ఆంధ్రోళ్ల పని గిట్లనే ఉంటది, పైకి మంచిగనే కనబడ్తది." డాక్టరు గారు కళ్లజోడు మీదుగా ఆమెను చూసి "ఓహో" అన్నారు.

మేడం నా చేతిలోంచి మౌస్ తీసుకుని, తప్పు ఏమిటో తెర మీద నిలబడేలా మరో దారిలో నడిపించింది. ఒక ఫైలు దొరకలేదని చూపించింది. రిపోర్టు నమూనా ఫైలు అది. నేను డబ్బాలో సర్దడం మరిచిందే. నా కంప్యూటర్‌లో అది పక్కనే ఉండటం వల్ల లోటు తెలియలేదు. ఆమె సంచిలోంచి తన పెన్‌డ్రైవ్ తీసి ఆ చిన్న ఫైలును పెద్దదాని పక్కన పెట్టింది. రిపోర్టు వచ్చింది. "మరి ఏమైంది?" అన్నారు డాక్టరు గారు. "ఒకటి బయట ఉండిపోయిందండీ. ఇప్పుడు పర్లేదు," అంది. ఎవరు ఉంచారో చెప్పలేదు.

తిరిగి వస్తుంటే చైతన్యపురి దగ్గర మేడం ఒక్కసారి ఆగింది. "నా ఊరి సంగతి సరే. నా పని సంగతి మీకు తెలుసు కదండీ?" అంది. తెలుసు. అయినా నేను ఆగకుండా ముందుకు నడిచాను.

రెండు రోజులకు యజమాని నన్ను లోపలికి పిలిచి, "మేడం రాసింది మొదలు నడవలేదట గదా? డాక్టర్ సార్ చెప్పిండు," అన్నాడు. మా ఇంట్లో ఎవరి ముందూ తల వంచరని చిన్నప్పటి నుంచి విన్నాను. ఆ రోజు అవునన్నట్టు వంచాను. నెలాఖరుకు ఎదురు టేబుల్ ఖాళీ అయింది. ఆ తరువాత ఆమె ఎక్కడికి వెళ్లిందో కనుక్కోవడం కష్టమేమీ కాదు. నేనే కనుక్కోలేదు.

"చెప్పున్రి అంకుల్, ఏది తీసెయ్యాలె?" అని ల్యాబ్ అమ్మాయి మళ్లీ అడిగింది. రెండూ కలిసే ఉండాలని చెప్పి, కొత్త కంప్యూటర్‌లోకి రెండూ ఎక్కించాను. పెద్దది తెరవగానే నా ఇంటిపేరుతో సహా నా పేరు వచ్చింది. ఆ అమ్మాయి చదివి, "మొత్తం మీరే రాసిన్రా?" అంది. కాదన్నాను. మేడం పేరు చెప్పి, మొదటి రోజు ఆగిపోయింది నా తప్పు వల్లేనని చెప్పాను. "అట్లనా" అని ఆ అమ్మాయి తన పనిలో పడింది. చెప్పవలసిన గదిలోనే చెప్పాను. వినవలసిన డాక్టరు గారు మాత్రం ఎదుటి గోడ మీది ఫోటోలో, పూలదండ వెనక, నాకు పన్నెండేళ్ల దూరంలో ఉన్నారు.