అక్క పడిన పూచీ

తెలంగాణ ఉద్యమం జోరు మీదున్న రోజుల్లో దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక లేడీస్ హాస్టల్ గదిలో నేనూ, నాకంటే పెద్దదైన ఒక అక్కా ఉండేవాళ్లం. నాది నల్గొండ వైపు పల్లె, ఆమెది కోస్తా. ఇద్దరివీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలే. ఒక బంద్ రోజు ఉప్మా తింటూ రాష్ట్రం గురించి మొదలుపెట్టిన వాదన ముదిరి మాటలు ఆగిపోయాయి. అసలు రాష్ట్రం సంగతి ఏమోగానీ, మా గదిలో ఆమె మంచం ఒక రాష్ట్రం, నా మంచం ఒక రాష్ట్రం అయిపోయాయి.

అప్పటికే ఆమె చలవ వల్ల నేనొక ఉచిత సాఫ్ట్‌వేర్ పనిలో పడ్డాను. ఉత్తరాలూ వ్యాసాలూ టైపు చేసుకునే ప్రోగ్రాం అది. ఎక్కడెక్కడివాళ్లో జీతం లేకుండా కలిసి తయారుచేసేవారు. ఏదైనా మార్చాలంటే ఆ కోడ్‌ను అందరూ చదివే మెయిలింగ్ లిస్టుకు పంపాలి. ఇంకొకరు నడిపి చూసి, తన పేరుతో పూచీ పడితేనే తీసుకుంటారు.

ఎల్బీనగర్‌లో మా చిన్నమ్మ డీటీపీ సెంటర్ నడిపేది. అక్కడ వాడేదీ ఈ ప్రోగ్రామే. కరెంటు పోయినప్పుడల్లా టైపు చేసిందంతా పోయేది. "గింత సదువుకున్నవ్, గిదొక్కటి ఆపలేవా?" అని నన్ను సతాయించేది. అందుకే రాస్తున్నది దానంతటదే కాపీ అవుతుండేలా ఒక మార్పు రాసి పంపాను. ఆ వారం దాటితే కొత్త వెర్షన్‌లోకి ఇక మార్పులు తీసుకోరు. కోడ్‌లో ఆ భాగం బాగా తెలిసిన మనిషి లిస్టులో ఒక్కరే. ఆ ఒక్కరూ నా పక్క మంచం మీదే ఉన్నారు.

జవాబు మెయిల్లోనే వచ్చింది, మర్యాదగా, ఇంగ్లీషులో. కొత్త కాపీ రాయకముందే మీరు పాతది తుడిచేస్తున్నారు, సరిగ్గా ఆ మధ్యలో కరెంటు పోతే రెండూ పోతాయి, దీన్ని తీసుకోకూడదు అని. నాకు ఒళ్లు మండిపోయింది. తెలంగాణ మీది కోపం నా కోడ్ మీద తీర్చుకుంటోందనుకున్నాను. ఆమెదే తప్పని తేల్చడానికి ల్యాప్‌టాప్ బ్యాటరీ తీసేసి, టైపు చేస్తూ చేస్తూ ప్లగ్గు పీకడం మొదలుపెట్టాను. చాలాసేపు ఏమీ కాలేదు. చివరికి ఒకసారి ఫైలు ఖాళీగా తెరుచుకుంది. చిన్నమ్మను నిండా ముంచేదాన్నే.

సరిచేసి మళ్లీ పంపాను. మర్నాడు మళ్లీ బంద్. అక్క టిఫిన్ తిని, తన ల్యాప్‌టాప్ బ్యాటరీ తీసి పక్కన పెట్టింది. టైపు చేయడం, ప్లగ్గు పీకడం, మళ్లీ ఆన్ చేసి చూడడం. ఆ ల్యాప్‌టాప్‌లోనే ఆమె ఆఫీసు పని కూడా ఉందని నాకు తెలుసు. ఆ పాత డబ్బా ఆన్ కావడానికే ఒక యుగం పట్టేది. నా మొహం చూడని మనిషి నా పనిని అంత శ్రద్ధగా చూస్తోంది.

సాయంత్రం లిస్టులో ఆమె మెయిల్: నడిపి చూశాను, పూచీ పడుతున్నాను. కింద పూర్తి పేరు. కాసేపటికి ఎక్కడో చలిదేశంలో ఉన్న ప్రాజెక్టు పెద్ద, మార్పు తీసుకున్నానని రాశాడు. మీరిద్దరూ ఒకే దేశంవాళ్లలా ఉన్నారు, ఎప్పుడైనా కలిస్తే నా తరఫున టీ తాగండి అన్నాడు. రెండు మంచాల మీదా ఒకేసారి నవ్వు వచ్చింది.

గల్లీ చివర అప్పుడే తెరిచిన చాయ్ బండి దగ్గర అడిగాను. "నా మీద గంత కోపం పెట్టుకొని ఎట్ల పూచీ పడ్డవ్ అక్కా?"

"పని బాగుంది, పడ్డాను. బాగోకపోతే నువ్వు నా సొంత చెల్లెలివైనా పడేదాన్ని కాదు," అంది. "రాష్ట్రం మాటంటావా, దాని మీద నీతో ఇంకా తగువే."