తేలితే పాస్, మునిగితే ఫెయిల్

1979 జూలైలో నన్ను వరంగల్ జిల్లా పరిశ్రమల శాఖలో రెండో గ్రేడు నాణ్యతా ఇన్‌స్పెక్టరుగా వేశారు. శాఖ నడిపే శిక్షణ కేంద్రాల్లో తయారైన సరుకును పరీక్షించి ముద్ర వేయడం నా పని. ముద్ర పడితే సరుకు బయటికి పోతుంది, పడకపోతే పోదు. చేతిలో ఒక రబ్బరు ముద్ర ఉంటే మనిషికి ఎంత జ్ఞానం వచ్చినట్టు అనిపిస్తుందో నాకు అప్పుడే తెలిసింది. పొద్దున సబ్బులు, మధ్యాహ్నం తాళాలు, సాయంత్రం జంపఖానాలు. అన్నింటికీ నేనే నిపుణుణ్ణి.

నా కిందికొచ్చే కేంద్రాల్లో అన్నిటికంటే వింతది కాజీపేటలో, రైల్వే క్వార్టర్ల వెనక రేకుల షెడ్డులో ఉండేది. పన్నెండుమంది ఆడవాళ్ళు అక్కడ విదేశీ దొరల గాలాలకు ఈకలు కట్టేవారు. ఆ దేశాల్లో చల్లటి వాగుల్లో ట్రౌట్ అనే చేప ఉంటుందట. మనలాగా వానపామును గుచ్చి పట్టడం వాళ్ళకు నామోషీ. గాలానికి ఈక, బొచ్చు, దారం కట్టి, పురుగని నమ్మించి చేపను మోసం చేయాలి. అంత తిప్పలుపడి పట్టిన చేపను చాలామంది మళ్ళీ నీళ్ళలోకే వదిలేస్తారని చెబితే షెడ్డంతా పడీ పడీ నవ్వింది. “మరి పులుసో?” అని ఒకామె అడిగింది.

కేంద్రానికి బోధకురాలు మార్తమ్మ. నర్సంపేట వైపు చెరువు కింది పల్లెలో పుట్టి, కాజీపేటలో రైల్వే ఖలాసీకి ఇచ్చి చేస్తే వచ్చిన మనిషి. భర్త పనిలో వెన్ను విరిగి మంచాన పడ్డాక ఇల్లు ఆమె చేతిమీదే నడిచేది. మద్రాసు ఎగుమతి కంపెనీ మనిషి మూడు వారాలు నేర్పి వెళ్ళాడు. మిగిలిన పదకొండు మందికీ ఆమే నేర్పింది. వైసు అనే చిన్న ఇనప పట్టులో గాలాన్ని బిగించి, కోడిపుంజు మెడ ఈకను దారంతో చుట్టుకుంటూ వస్తే చిటికెలో ఈగ తయారయ్యేది; అలా కట్టిన గాలాన్ని ఈగ అనే అనేవారు. అయినా ఆమెది తాత్కాలిక ఉద్యోగమే. రెండు ఆర్డర్లు ఫిర్యాదు లేకుండా పోతే పర్మనెంటు చేస్తామని డిప్యూటీ డైరెక్టరు గారు ఫైలు మీద రాశారు. మొదటిది అలాగే పోయింది. రెండోది మిగిలింది.

మొదటి ఆర్డరు నీటి మీద తేలే ఈగలకు. దానికోసం శాఖ ఒక పరీక్షా ఫారం అచ్చు వేయించింది. పెట్టెకు పది గాలాలు తీయాలి, బకెట్ నీళ్ళలో వేయాలి, ఐదు నిమిషాలు గడియారం చూడాలి. తేలితే పాస్, మునిగితే ఫెయిల్. బకెట్ శాఖదే. దాని మీద తెల్ల పెయింటుతో నంబరు కూడా వేశారు.

రెండో ఆర్డరు నింఫ్‌లకు. నింఫ్ అంటే రెక్కలు రాకముందు నీటి అడుగున బతికే పురుగు. కంపెనీ ఒక అట్టకు ఆరు నమూనాలు కుట్టి, ఒక ఇంగ్లీషు కాగితం జతచేసి పంపింది. నమూనాలు కేంద్రానికి పోయాయి. కాగితం ఆఫీసు ఫైల్లోకి పోయింది. కాగితం ఫైల్లో పడ్డాక దాన్ని చదవాల్సిన పని ఎవరికీ ఉండదని మా శాఖలో గట్టి నమ్మకం.

మార్తమ్మ ఒక నమూనాను సూదితో పోగుపోగూ విప్పింది. కుందేలు బొచ్చు కింద, గాలం కాడకు సీసం తీగ చుట్టి ఉంది. మర్నాడు చెరువు నుంచి తూనీగ పిల్లలను గాజుసీసాలో పట్టుకొచ్చి బల్ల మీద పెట్టింది. రెక్కలు లేని, మట్టిరంగు, ముడుచుకున్న పురుగులు. వాటిని చూస్తూ ఆడవాళ్ళు సీసం చుట్టి, బొచ్చు మెలిపెట్టి కడుతున్నారు. నేను తనిఖీకి వెళ్ళి ఆ సీసా చూసి, ప్రభుత్వ బల్ల మీద పురుగులేమిటని కసిరాను. ముద్ర ఉన్నవాడికి మొదట వచ్చేది కసురే కదా.

సరుకు సిద్ధమయ్యాక బకెట్ తెప్పించి పది గాలాలు వేశాను. పదీ బుడుంగున మునిగాయి. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. పదింటికీ ఫెయిల్ అని రాస్తుంటే మార్తమ్మ పక్కకొచ్చి నిలబడింది.

“సార్, జర ఆగుండ్రి. ఇది మునగాలె. రెక్కలొచ్చేదాంక ఈ పురుగు నీళ్ల అడుగునే ఉంటది. తేలిందంటే చేప దాని మొకం గుడ చూడది.”

ఫారంలో మునగాలనే గడి లేదన్నాను. “గడి లేకపోతే పెట్టుండ్రి సార్,” అంది. ఇన్‌స్పెక్టరు ఫారం మారుస్తాడా! ఆ మాట విని నాకు ఒళ్ళు మండింది. విషయాన్ని పైకి నివేదించాను.

డిప్యూటీ డైరెక్టరు గారు జీపులో దిగారు. ఆయన చేప తినరు, చెరువులో కాలు పెట్టలేదు, పురుగంటే రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుంటారు. బకెట్‌లోకి వంగి చూసి, ఈగ అన్నాక తేలాలని, మునిగేది ఇనపముక్క అని తేల్చేశారు. పైగా ఇంత వికారంగా ఉంటే దొరలు ఎలా కొంటారన్నారు. సీసం తీసేయాలి, మొదటి ఆర్డరులాగే పుంజు ఈక దట్టంగా చుట్టి మైనం రాయాలి, నడుముకు కాస్త ఎర్ర దారం వేయాలి. అదీ ఆయన ఆజ్ఞ. ఆహా, ఏం కళాదృష్టి! పురుగుకు పెళ్ళికూతురి ముస్తాబు.

మార్తమ్మ కదల్లేదు. “చేస్తం సార్. గని ఆ మాట కాయితం మీద రాసియ్యుండ్రి,” అంది.

తాత్కాలిక బోధకురాలు అధికారిని రాతపూర్వక ఆజ్ఞ అడగడం ఆయన సర్వీసులో మొదటిసారి అయివుంటుంది. కాగితం రాయించారు. కాకపోతే ఆమెకు ఇవ్వడానికి కాదు, ఫైలుకు. ఆయన చెబుతుంటే నేనే రాశాను: ‘బోధకురాలికి నైపుణ్యం చాలదు. సరుకు మొదటి పరీక్షలో పూర్తిగా విఫలమైనది. అధికారుల సూచన మేరకు సరిచేయబడుచున్నది.’ కింద సంతకం నాది.

పది రోజులు ఆడవాళ్ళు తాము కట్టిందంతా తామే విప్పి మళ్ళీ కట్టారు. ఈసారి బకెట్‌లో పదికి పది తేలాయి. ఎర్ర నడుములతో నీటి మీద తిరుగుతుంటే డిప్యూటీ డైరెక్టరు గారు మురిసిపోయారు. నేను టపటపా ముద్రలు కొట్టాను. మార్తమ్మ ఒక మూల నిలబడి చూసింది.

నాలుగు నెలల తర్వాత సరుకు మొత్తం మద్రాసు మీదుగా తిరిగొచ్చింది. సీలు తీసిన పెట్టె ఒక్కటే. వెంట వచ్చిన ఉత్తరం చిన్నది: ఇవి తేలుతున్నాయి, మాకు పనికిరావు.

విచారణ వేశారు. విచారణాధికారి ఎవరనుకున్నారు? డిప్యూటీ డైరెక్టరు గారే. ఫైలు సిద్ధం చేసే బాధ్యత నాకు పడింది. అందులో నేను రాసిన నోటు దొరికింది. దాని కింద, పిన్ను కూడా తీయని కంపెనీ కాగితం దొరికింది. రెండే పేరాలు. మొదటి వాక్యమే, ఈ గాలాలు వెంటనే అడుగుకు మునగాలి అని. సీసం తీగ ఎన్ని చుట్లు వేయాలో కూడా ఉంది. మార్తమ్మ చుట్టినన్నే.

నేను ఆ కాగితాన్ని మళ్ళీ పిన్ను పెట్టి, ఫైల్లో అట్టడుగున సర్దాను. పైన నా నోటు పెట్టాను. అది చాలు. నైపుణ్యం చాలని బోధకురాలి వల్ల ఆర్డరు పోయిందని తేలింది. మా శాఖలో తేలాల్సినవి చక్కగా తేలుతాయి. మార్తమ్మను తీసేశారు. డిప్యూటీ డైరెక్టరు గారికి ప్రమోషను మీద బదిలీ అయింది. నన్ను మొదటి గ్రేడుకు పెంచారు. వేసవికల్లా షెడ్డుకు తాళం పడింది. ఆ తాళం నేను పాస్ చేసిందే.

1986లో కాజీపేట స్టేషన్ బయట మార్తమ్మ కనిపించింది. ఒక మిషన్ దవాఖానలో ఆయాగా చేస్తోందట. తప్పించుకుపోదామనుకున్నాను, ఆమే పలకరించింది. “మంచిగున్నరా సార్? పెద్ద ఆఫీసరైండ్రట?” అంది. కోపం లేదు, గౌరవమూ లేదు. ఆఫీసులో ఇంగ్లీషు కాగితం ఒకటి ఉండేదని, అందులో ఆమె చెప్పిందే ఉందని ఇన్నేళ్ళ తర్వాత నా నోట వచ్చింది. ఎందుకొచ్చిందో తెలియదు.

ఆమె నన్ను కిందినుంచి మీదికి చూసింది. “ఎప్పుడు సదివిండ్రు సార్?”

విచారణకు ముందే అన్నాను.

“అట్లనా,” అంది. సంచి భుజానికి వేసుకుని దవాఖాన వైపు నడిచింది. ఆ తర్వాత నేనెప్పుడూ ఆమెను చూడలేదు.

ఈ వృత్తిలోకి వచ్చేవారికి నేను చెప్పగలిగింది ఇంతే. సరుకును పరీక్షించే ముందు, అది దేనికోసం తయారైందో చదవండి. ఫారం సరుకును బట్టి ఉండాలి. ఇది నేను ఆలస్యంగా నేర్చుకున్నాను, అది క్షమించదగ్గ తప్పే. చదివిన తర్వాత మళ్ళీ పిన్ను పెట్టడం తప్పు కాదు, నేరం. రిటైరయ్యే రోజున నా సర్వీసు రికార్డులో మచ్చ లేదని సభలో చదివారు. ఆ ఫైలు వాళ్ళెవరూ చదవలేదు.