హారన్ నీళ్లలో దిగాడు

ఏళ్ల తరబడి లారీ తోలినా ఒంటిమీద గీత పడనివాడు, ఆగి ఉన్న లారీ మీంచి పడ్డాడు. సరుకు మీద పట్టా కప్పి తాడు బిగిస్తుంటే కాలు జారింది. వెన్నుపూస చితికి, నడుము కింద పట్టు పోయింది. ఆస్పత్రిలో ఎవరడిగినా, బ్రేకులు ఫెయిలైతే యాభై మంది ప్రాణాలు కాపాడానని చెప్పేవాడు. పక్కనున్న అక్క, "లారీలో యాభై మంది ఎందుకున్నారో కూడా చెప్పరా" అనేది.

గొంతు వల్ల అందరూ అతన్ని హారన్ అనేవారు. నోరు విప్పితే బూతు. దానికి కోపమే రానక్కర్లేదు. అన్నం బాగుంటే ఒక బూతు, బాగోకపోతే ఇంకొకటి. అక్క ఇంట్లో ముందుగదిలో మంచం మీద పడి ఏడాది పాటు ఫ్యానుని తిడుతూ గడిపాడు. అక్క అదే గదిలో బట్టలు కుట్టేది. కొలతలివ్వడానికి వచ్చినవాళ్లు సగం కొలతలిచ్చి చెవులు మూసుకుని పారిపోయేవారు.

వికలాంగులకి నీళ్లలో వ్యాయామం చేయించే చోటు ఒకటుందని విని, అక్క తమ్ముణ్ణి ఆటోలో వేసుకెళ్లింది. నడుస్తాడా అని అడిగింది. అక్కడి థెరపిస్టు, పొట్టిగా గట్టిగా ఉండే మనిషి, ఆ మాట మాత్రం ఇవ్వలేనంది. మంచం దిగడం, కూర్చోవడం సులువవుతాయంది. రోజూ ఓ గంట ఇంట్లో ఉండడని కూడా అంది. అక్క ఆ చివరి మాటకే ఒప్పేసుకుంది.

రేకుల కప్పు కింద ఛాతీ లోతు కొలను. గోరువెచ్చని నీళ్లు, ముక్కు మండించే క్లోరిన్ వాసన. గట్టున చక్రాల కుర్చీలు, తడి తువ్వాళ్లు, రంగురంగుల స్పాంజి కడ్డీలు. నీళ్లలో పిల్లలు, వాళ్ల మధ్య పక్షవాతమొచ్చిన రిటైర్డు జడ్జిగారొకాయన, మెడకి గాలిపట్టీ తగిలించుకుని వెల్లకిలా తేలుతున్నారు. ఇంత బతుకూ బతికి చివరికి ఈ చిల్లర పిల్లలతో జలకాలాటలా అనుకున్నాడు హారన్. మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి నీళ్లలోకి దించే యంత్రం ఉంది. అది సగం దిగాక, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి గొంతు తగ్గించాడు.

"మేడం, నాకు తెలీకుండా నీళ్లలోనే ఒంటికి పోతే?"

"అందుకే ముందు బాత్రూంకి పంపించాను. అయినా పోతే నీళ్లు మారుస్తాం, మిమ్మల్ని కాదు" అందావిడ.

నీళ్లలోకి జారగానే, ఏడాదిగా బండరాళ్లలా పడున్న కాళ్లు తేలిపోయి అతని మొహానికే ఎదురొచ్చాయి. తల వెనక్కి వాలింది. ముక్కులోకి నీళ్లు పోయాయి. అంతే, లారీ స్టాండులో నేర్చిన విద్యంతా గుక్క తిప్పుకోకుండా బయటపడింది. రేకుల కప్పు పుణ్యమా అని ప్రతి తిట్టూ రెండేసిసార్లు వినపడింది.

పక్కనే ఒక ఎనిమిదేళ్ల పిల్ల ఉంది. బుడంకాయ అని ముద్దుపేరు. పుట్టుకతోనే కాళ్లు బిగుసుకుపోయాయి, ఊపిరి చాలక మాట పెగలదు. నీళ్లలో బుడగలు ఊదించి ఆ ఊపిరి పెంచాలని థెరపిస్టు నెలల తరబడి తంటాలు పడుతోంది. ఆ సాయంత్రం తల్లి తల తుడుస్తుంటే, పిల్ల గుండెనిండా గాలి పీల్చుకుని, హారన్ తిట్లలో అన్నిటికంటే ఘాటైనదాన్ని గంట కొట్టినట్టు పలికింది. కూతురి నోట తొలి స్పష్టమైన మాటగా ఆ తల్లి విన్నది అది. పైగా ఆవిడ బళ్లో పంతులమ్మ.

మర్నాడే ఆవిడ ఫిర్యాదు చేసింది. నోరు అదుపులోకి వచ్చేదాకా రావద్దని హారన్‌కి కబురొచ్చింది. పీడా పోయిందన్నాడు. కానీ ఫ్యానుని తిట్టడం మానేశాడు. ఒకరోజు బకెట్‌లో వేడినీళ్లు పోసి కాళ్లు అందులో పెట్టమని అక్కనడిగాడు. అక్క నీళ్లు కాచి పోసింది. చల్లారినప్పుడల్లా లేచి నీళ్లు మార్చింది.

వారం తిరక్కుండానే పంతులమ్మ వాళ్లింటికొచ్చింది. బుడంకాయ గట్టు మీది ఇనుప కడ్డీ పట్టుకుని నీళ్లలోకి దిగనంటోందట.

"అన్నయ్యగారూ, అది మీకోసమే ఏడుస్తోంది. మీరు రావాలి. కాకపోతే ఆ మాటలు..."

"నాకు వేరే మాటలు రావమ్మా" అన్నాడు హారన్, నిజాయితీగానే.

అక్క మిషను ఆపకుండానే, "లారీ సామాన్లతో తిట్టరా. అవైతే వచ్చుగా" అంది.

అలా మొదలైంది. "ఓసి అరిగిపోయిన టైరూ, కాలెత్తవే" అని హారన్ అంటే, "పో, పంక్చర్ మొహమా" అని బుడంకాయ. ఒక్క ఊపిరికి ఒక్క తిట్టు అని థెరపిస్టు దాన్నే వ్యాయామం చేసేసింది. రోజురోజుకీ తిట్టు పొడుగైంది. జడ్జిగారు కూడా పరువు గట్టున పెట్టి, వంకరపోయిన మూతితోనే హారన్‌ని ఖాళీ డీజిల్ ట్యాంకా అన్నారు. అన్నాక చాలాసేపు తనలో తనే మురిసిపోయారు.

కొన్నాళ్లకి థెరపిస్టు తన మోకాళ్లు అతని మోకాళ్లకి అడ్డుపెట్టి, గట్టు మీది కడ్డీ పట్టించి, హారన్‌ని నీళ్లలో నిలబెట్టింది. మంచాన పడ్డప్పటినుంచీ అతను జనాన్ని కిందనుంచే చూశాడు. ముక్కు రంధ్రాలు చూసి మనుషుల్ని గుర్తుపట్టేవాడు. ఇప్పుడు ఆవిడ నడినెత్తి కనిపించింది. ఎలా ఉందని అడిగిందావిడ.

"పాపిట్లో తెల్లజుట్టు కనిపిస్తోంది మేడం. రంగేయించుకోండి."

ఆవిడ వదల్లేదు, కదల్లేదు. కావలసినంతసేపు చూడనిచ్చింది. హారన్ మొహమంతా తడిగానే ఉంది కాబట్టి, అందులో ఏవి కొలను నీళ్లో ఎవరూ అడగలేదు.

గట్టు మీద ఆ కాళ్లు ఎప్పటిలాగే ఉన్నాయి. కానీ మంచం మీంచి కుర్చీలోకి తనే మారుతున్నాడు. పొద్దున్నే లారీ ఆఫీసుకెళ్లి డ్రైవర్లకి ఫోన్లో దారులు చెబుతున్నాడు, తిట్లతో సహా.

మొన్న చేతులు తెడ్లలా వేస్తూ, ఎవరి సాయమూ లేకుండా, వెల్లకిలా కొలను అడ్డంగా దాటాడు. అవతలి గోడ వచ్చిందని చెప్పేవాళ్లు లేక నేరుగా వెళ్లి తల కొట్టుకున్నాడు. బుడంకాయ నవ్వి నవ్వి నీళ్లు మింగింది. ఇంటికొచ్చాక, ఆ బొప్పి ఏమిటని అక్క అడిగింది. గోడకి గుద్దేశానన్నాడు.

"ఎవరు తోలారు?"

"నేనే" అన్నాడు హారన్.