ఆయుధపూజ నాటి ట్యూబు

మా ఉమాశ్రీ అంత పిరికిదాన్ని నేనెక్కడా చూడలేదు. నల్లగండ్లలో మేమిద్దరం ఉండే ఫ్లాట్‌లో బల్లి కనబడితే చాలు, మంచమెక్కి కూర్చుంటుంది. భీమవరం నుంచి వచ్చి ఇన్నేళ్ళయినా నానక్‌రామ్‌గూడ షేర్ ఆటో ఒంటరిగా ఎక్కదు, నన్ను లాక్కెళ్తుంది. అలాంటి మనిషి చేసే ఉద్యోగం చూడండి, క్యాన్సర్ రోగుల కణాల్లోంచి ఆర్‌ఎన్‌ఏ తీయడం! ఏ జన్యువు పనిచేస్తోందో, ఏది నోరు మూసుకుందో ఆ ఆర్‌ఎన్‌ఏని సీక్వెన్సర్ అనే యంత్రంతో చదివించి మా ల్యాబులో చెబుతాం. దాన్నిబట్టి డాక్టర్లు మందు ఎంచుకుంటారు. అది మహా సుకుమారం. ఒట్టి వేలు తగిలితే చర్మం మీది ఎంజైములే దాన్ని ముక్కలు చేసేస్తాయి. అందుకే గ్లవుజులు లేకుండా ట్యూబు ముట్టుకోం.

దసరా ముందురోజు ల్యాబులో ఆయుధపూజ చేశాం. రబ్బరు తొడుక్కున్న చేత్తో ఎవరైనా కుంకుమ పెడతారా? ఉమాశ్రీ గ్లవుజు విప్పి సీక్వెన్సర్‌కు బొట్టు పెట్టింది, దణ్ణం పెట్టుకుంది, చేయి తుడుచుకుని అలాగే పనిలో కూర్చుంది. ట్యూబు మూత తీశాక గానీ తన చేతివంక చూసుకోలేదు. అప్పటికే వేలు మూత లోపలివైపు తగిలింది.

అది కొమురయ్య ట్యూబు. మా ల్యాబు బిల్డింగ్ గేటు దగ్గర సెక్యూరిటీగా ఉండేవాడు, సిద్దిపేట వైపు మనిషి. రక్త క్యాన్సరని తేలాక ఆయన ఎముకమజ్జ తీసి మాకు పంపారు. తుంటి ఎముకలో సూది దింపినప్పుడు ఆయన కేకలు వార్డంతా వినబడ్డాయట. పంపిందే కాస్త, అందులోంచి తీసిన ఆర్‌ఎన్‌ఏ అంతా ఆ ట్యూబులోనే ఉంది.

ఉమాశ్రీ పైప్రాణాలు పైనే పోయాయి. నాణ్యత పరీక్షకు పెడితే, తెరమీద నిటారుగా లేవాల్సిన గీత చదునుగా పడుకుంది, అంటే ఆర్‌ఎన్‌ఏ ముక్కలైపోయినట్టే. ఏం చేయనే రోహిణీ అంటూ నన్ను గట్టిగా పట్టుకుంది. నాకు ఒళ్ళు మండింది. కళ్ళు నెత్తిమీద పెట్టుకున్నావా అని తిట్టిపోశాను.

మా మేనేజర్ అవినాష్, నమూనా చెడిపోయే వచ్చిందని ఆసుపత్రికి చెప్పేయమన్నాడు. నేనూ అదే చెప్పాను, ఉద్యోగం పోతే ఎవరు దిక్కు? ఈ పిరికిది మా మాట వినలేదు. నన్ను తోడు తీసుకుని ఆసుపత్రికి బయల్దేరింది. దారంతా నా చేయి వదల్లేదు.

కొమురయ్య చిక్కి సగమయ్యాడు. మందు పేరు తెలిసిందా అని ఆశగా అడిగాడు.

"లేదు బాబాయ్. నా చెయ్యి తగిలి మీ నమూనా పాడైపోయిందండి. తప్పు నాదే."

"అంటే మళ్ళ సూది గుచ్చుతరా?"

ఆమె నా చేయి వదలకుండానే తలూపింది. ఆయన దుప్పటి నోట్లో కుక్కుకుని ఏడ్చాడు. అంత పెద్దమనిషి అలా ఏడుస్తుంటే నాకు అక్కణ్ణుంచి పారిపోవాలనిపించింది. చాలాసేపటికి కళ్ళు తుడుచుకుని, ఈసారి పరీక్ష ఎవరు చేస్తారని అడిగాడు. వేరేవాళ్ళకు అప్పగిస్తానంది ఉమాశ్రీ.

"వద్దు బిడ్డా. గిట్ల భయపడేటోళ్ళే చెయ్యాలె. నువ్వే చెయ్యి."

అంతవరకూ ఎలాగో నిలబడ్డ ఉమాశ్రీ, ఆ మాటకు మంచం పక్కనే నేలమీద కూలబడింది.