రోబో కళ్లకు కుంకుమ

అక్టోబరు మొదటి వారం. ఉదయం పదిన్నరకు సరిహద్దులోని ఆ సైనిక పోస్టుకు చేరాను. పద్నాలుగు వేల అడుగుల ఎత్తు. రాళ్లు, మంచు, గాలి. ట్రక్కులోంచి నాతోపాటు ఒక రోబో దిగింది. నాలుగు కాళ్లతో సామాను మోస్తుంది. దాన్ని నడపడానికి ఎనిమిది వారాలు శిక్షణ పొందింది నేనొక్కణ్ణే. అక్కడ ఆ మాటకు విలువ లేదు.

దసరా నాడు ఆయుధపూజ. హవల్దారు రైఫిళ్లకు బొట్లు పెట్టి, రోబో ముందువైపు కెమెరాల మీద తడి కుంకుమ మెత్తాడు.

"అవి దాని కళ్లు సార్. వీపుకు పెట్టండి," అన్నాను.

"పెద్ద ఇంజనీరువి బయల్దేరావు! పూజ చెరపకు."

అందరూ నవ్వారు. మా అనకాపల్లి పక్క కశింకోటవాడు, రేడియో ఆపరేటరు కూడా నవ్వాడు.

ఆ మధ్యాహ్నం మూడు నలభైకి పొగమంచు కమ్మింది. కింది పోస్టులో ఒక జవానుకు ఊపిరాడటం లేదు. ఆక్సిజన్ సిలిండర్లు రోబోకు కట్టారు. దారి వెడల్పు మూడడుగులు. ఎడమవైపు రాళ్ల వరస దాటితే మందుపాతరలు. కెమెరాల మీద కుంకుమ గడ్డకట్టింది. గోకడానికి ఐదు నిమిషాలు అడిగాను. హవల్దారు ఇవ్వలేదు. రేడియో ఆపరేటరు రోబోకు కట్టిన తాడు నడుముకు చుట్టుకుని దాని వెనక నడిచాడు. నేను బంకరులో స్క్రీన్ ముందు కూర్చున్నాను.

నాలుగు పదికి రేడియో మోగింది.

"బావా, నీ ఎద్దు ఎడం పక్కకి లాగేత్తంది!"

ఆపే బటన్ నొక్కాను. సిగ్నల్ వెంటనే అందలేదు.

"తాడు కోసెయ్!"

"కోసేసేను. రాళ్లు దాటేసేను బావా. కాళ్ల కింద ఏటుందో."

అప్పుడు అందింది సిగ్నల్. ఆగింది రోబో. కుంకుమ అంటని దాని వెనకవైపు కెమెరాలో అతను, అతని వెనక రోబో అడుగులు. వాటిలో మంచు నిండుతోంది.

"దాని అడుగుల్లోనే కాలెట్టి వెనక్కి నడు. అక్కడ పేలలేదు."

"నాకేటీ కనబడట్నేదు."

"నాకు కనబడతంది. ఎడం కాలు, జానెడు వెనక్కి."

"మిషను కన్ను నమ్మమంటావేటి?"

"నన్ను నమ్ము."

తొమ్మిది అడుగులు. ఇరవై నిమిషాలు. దారి మీదికి వచ్చేశాడు. వేరే సిలిండర్లు మనుషులే మోసుకెళ్లారు. జవాను బతికాడు.

రిపోర్టులో మాత్రం "రోబో నడిపినవాడి అజాగ్రత్త" అని రాశారు. అది మార్చమని నాలుగు అర్జీలు పెట్టాను. ఐదోది రాస్తున్నాను.

సైన్యం నుంచి అనకాపల్లి తిరిగొచ్చాను. ఆ రేడియో ఆపరేటరూ కశింకోటలో చెరకు వేస్తున్నాడు. కనబడితే నవ్వుతాడు. నాకు కనబడేది ఆ రోజు స్క్రీన్ మీది ముఖం. ఆ తొమ్మిదిలో అయిదో అడుగు. రెప్పల మీద మంచు. ఒక కాలు గాల్లో. నేరుగా కెమెరాలోకి చూస్తూ, "బావా, సూత్తన్నావా?" అన్నాడు. స్క్రీన్ మీద బొమ్మ కదలలేదు. ఆగింది బొమ్మో, మనిషో నాకు తెలియలేదు.