అరుణ చేసిన గూడ్సు పెట్టె

ఈ బరువును ఏళ్లుగా మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియనక్కర లేదు. అందుకే చెప్పగలుగుతున్నాను. ఒక చెల్లెలికి తండ్రి దక్కకుండా చేశాను. చేతులారా చేశాను.

అనంతపురంలో మాకు వేరుశనగ నూనె మిల్లు ఉండేది. గూడ్సు బండి నేరుగా మిల్లులోకే వచ్చేది. వానలు లేని ఏళ్లు వరసగా వచ్చి అంతా పోయింది. మిగిలిన మేడమీది హాలులో నాయన పెద్ద బల్ల వేసి, ఆ మిల్లునూ ఆ పట్టాలనూ బొమ్మగా కట్టుకున్నాడు. కరెంటుతో నడిచే ఇంజను, వెనక జానెడు కన్నా చిన్న పెట్టెలు. ఆదివారాలు పాత వ్యాపారులు వస్తే బండి నడిపేవాడు. ఆ కాసేపు మేమింకా సావుకార్లమే. పెట్టెలన్నీ నేను కొని అతికించినవి. నున్నగా, ఆటబొమ్మల్లా ఉండేవి.

గార్లదిన్నెలో నాయనకు ఇంకో ఇల్లుందని అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనరు. ఆ ఇంటి బిడ్డ అరుణ. దుకాణాలకు బోర్డులు రాసేది. నాయనను ‘సావుకారు’ అనే పిలవాలన్నది మా అమ్మ పెట్టిన షరతు.

ఒక రోజు ఆమె తాను చేసిన గూడ్సు పెట్టె తెచ్చింది. నిజం పెట్టెకున్నట్టే అంచుల్లో రంగుతో దిద్దిన తుప్పు, అడుగున ఎర్రమట్టి దుమ్ము, హమాలీ సుద్దతో గీసిన గీత, తలుపు మీద సొట్ట. అలాంటి సొట్ట పెట్టె ఒకటి మా మిల్లుకు నిజంగానే వచ్చేదట, చిన్నప్పుడు చూసిందట. నాయన దాన్ని రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు చూశాడు. నా పెట్టెలను ఎప్పుడైనా అలా పట్టుకున్నాడా?

“ఆదివారం అందరి ముందర నడుపుదాం. పడకుండా తిరిగొచ్చిందంటే, నువ్వు నా బిడ్డవని నేనే చెప్తా” అన్నాడు.

“నాయనా అని బజారుకు ఇనపడేటట్టు పిలుస్తా. చెవులు మూసుకోవాకు సావుకారూ” అని నవ్వింది అరుణ. నా వైపు తిరిగింది. “ఏమన్నా, మొగం అట్ల పెట్టినావు? నీ పెట్టెలు అలిగినాయా?”

అన్నా! ఎవరికి అన్న?

పెట్టె మా ఇంట్లోనే ఉంచి వెళ్లింది. రెండు చక్రాల మధ్య దూరం వెంట్రుకవాసి తగ్గితే చాలు, పట్టాలు చీలే చోట పెట్టె పట్టా తప్పి పడిపోతుంది. పైకి ఏమీ కనిపించదు. ఒక జత చక్రాలను లోపలికి నొక్కాను. కోపంలో చేశానని చెప్పుకోవాలని ఉంది కానీ, కోపం లేదు, తలుపు గడియ పెట్టుకుని, పక్కన కాఫీ పెట్టుకుని, నింపాదిగా చేశాను.

ఆదివారం పెట్టె సరిగ్గా అక్కడే పడింది. వెనకవాటినీ పడేసింది.

“రంగు బాగా పూసినావు గాని, దానికి నడక నేర్పలేదు కదమ్మా!” అని ఒక వ్యాపారి నవ్వాడు.

పదిమందిలో నవ్వులపాలయ్యేసరికి నాయన ముఖం గట్టిపడింది. “నా బిడ్డయితే చెయ్యి ఇట్ల తప్పదు. తీసుకోని పో.”

“ఉండు సావుకారూ, చక్రం యాడో…” అంటూ అరుణ వంగింది. చూస్తే ఆమెకు తెలిసిపోతుంది. నేనే ముందు పెట్టెను అందుకుని, చేయి జారినట్టు వదిలేశాను. పైన కాలు వేశాను. పొరపాటున పడిందనుకున్నారు.

“కాలు తియ్యన్నా” అంది అరుణ. ముక్కలు చున్నీలో ఏరుకుని వెళ్లిపోయింది.

మంచాన పడ్డాక నాయన ఒకసారి అడిగాడు. “ఆ పిల్ల చక్రాలు చూసుకోకుండానే తెచ్చిందంటావా?”

“వాళ్ల పనితనం అంతే నాయనా” అన్నాను.

నాయన పోయిన రోజున అరుణ వచ్చి గేటు దగ్గర నిలబడింది. లోపలికి రానివ్వలేదు నేను. నాయనా అని ఏడవడానికి కూడా ఆమెకు చోటు లేకపోయింది.

ఇప్పుడైనా ఆమెకు చెబుతానా? చెప్పను. ఆమె ముందు తల వంచడం నాకింకా చేతకాదు. మీరు నన్ను క్షమించనక్కర లేదు, నేనడగను కూడా. కానీ ఆ పెట్టెలో లోపం లేదు. అరుణ చేతిలో లోపం లేదు. ఆమె మా నాయన కూతురు. ఈ చివరి మాట రాయడానికి ఇన్నేళ్లు పట్టింది. రాశాక, కాస్త ఊపిరి ఆడుతోంది.