పుచ్చకాయ తొక్క పెద్దమ్మ

మా పక్కింటి పెద్దమ్మ ఈ నెల మొదట్లో పోయింది. పొద్దున నేను పాలు కాచుకుంటుంటే, ఆమె కోడలు గోడ అవతల నుంచి "అక్కా, జెర రా, అత్తమ్మ లేస్తలేదు" అని పిలిచింది. వెళ్లి చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది. బోయిగూడలో మా రెండిళ్లకూ మధ్య ఒకటే గోడ. ఆమె నాకు చుట్టం కాదు. అయినా ఆ రోజు మా ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు.

మీరందరూ ఫ్రూట్ బిస్కెట్ తినే ఉంటారు. అందులో ఎర్రగా, పచ్చగా పంటికి తగిలే టూటీ ఫ్రూటీ ముక్కలు ఏ పండువో ఎప్పుడైనా ఆలోచించారా? నేనైతే ఆలోచించలేదు. పెద్దమ్మ చేసేవి పుచ్చకాయ తొక్కతో చేసినవి. స్టేషన్ దగ్గర పండ్ల ముక్కలు అమ్మే బండి అతను రోజు విడిచి రోజు సాయంత్రం తొక్కలు తెచ్చి ఇచ్చేవాడు. కాయ కడిగాకే కోయాలని, తొక్కలు మూత ఉన్న టబ్బులోనే వేయాలని అతనికి ఆమె కచ్చితంగా చెప్పింది. పచ్చ పొట్టు చెక్కి బర్రెలకు పంపేది. తెల్ల కండను సన్నగా తరిగి, ఉడికించి, పాకంలో నానబెట్టి, రంగు వేసి ఆరబెట్టేది.

"రైతు కాయ మొత్తానికి నీళ్లు పెట్టిండు బిడ్డా. మనం సగమే తింటే ఎట్ల?" అనేది.

మా చెత్తబుట్ట మూత తీసి చూసే ధైర్యం మా అత్తగారికి కూడా లేదు. పెద్దమ్మకు ఉండేది. "గిదేంది, తొక్కకు గింత కండ ఇడిసినవ్?" అని నిలదీసేది. నాకు ఒళ్లు మండేది. సాయంత్రానికల్లా ఆమే గిన్నెడు ముక్కలు పట్టుకొచ్చి నా నోట్లో పెట్టేది. ఇంకేం కోపం!

ఆమె సరుకంతా పద్మారావు నగర్‌లోని ఒక్క బేకరీకే వెళ్లేది. ఇల్లు గడిచేది దాని మీదే. ఒకసారి నేనూ వెంట ఉన్నాను. కొనడానికి వచ్చిన గిరాకీ ఎవరో ఇవి దేంతో చేస్తారని అడిగితే పెద్దమ్మ దాపరికం లేకుండా "పుచ్చ తొక్క" అని చెప్పేసింది. బేకరీ ఆయన ఆమెను పక్కకు పిలిచాడు.

"పెద్దమ్మా, సరుకు మంచిగుంది. గానీ తొక్క అనకు. జనం తినరు."

"తొక్కను తొక్క అనక ఏమంటరు తమ్మీ? దాచిపెట్టి అమ్మేదైతే నాకొద్దు."

సంచి భుజాన వేసుకుని వచ్చేసింది. ఆ తర్వాత చాలా రోజులు ఆ ఇంట్లో పాకం వాసన రాలేదు. కూరల్లోకి నా దగ్గర చింతపండు అప్పుగా తీసుకుందే కానీ, మెట్టు మాత్రం దిగలేదు. చివరికి బేకరీ ఆయనే గడపలోకి వచ్చాడు. వేరేచోట కొన్న ముక్కలు రబ్బరులా ఉన్నాయని, పిల్లలు బిస్కెట్లోంచి ఏరి పారేస్తున్నారని చెప్పాడు. "నీ ఇష్టం. తొక్క అనే రాసిపెడత" అన్నాడు. పెద్దమ్మ చాయ్ పెట్టి ఇచ్చింది.

అంత్యక్రియల మర్నాడు సాయంత్రం, సంగతి తెలియని బండి అతను ఎప్పటిలాగే టబ్బు తెచ్చి వాకిట్లో దించాడు. విషయం విని టబ్బు తిరిగి ఎత్తబోయాడు. మైల ఇల్లు, పొయ్యి వెలిగించకూడదు. "రేపటికల్ల పాడైతయి అక్కా, అత్తమ్మ ఒక్కనాడు సుత పారేయలే" అని కోడలు ఏడ్చింది. నాకూ దుఃఖం ఆగలేదు. "మా పొయ్యి ఉంది కదా" అని టబ్బు ఎత్తుకున్నాను. గల్లీ ఆడవాళ్లు కత్తిపీటలు తెచ్చుకుని మా హాల్లో కూర్చున్నారు. పాకం ఎంత చిక్కబడాలో మాలో ఎవరికీ సరిగ్గా తెలియదు. ఎవరికి తోచింది వాళ్లు చెప్పారు.

ముక్కలు ఆరాక నేనే బేకరీకి తీసుకెళ్లాను. ఆయన ఒకటి నోట్లో వేసుకుని నెమ్మదిగా నమిలాడు.

"మంచిగనే ఉన్నయ్ అక్కా. మళ్ల తీసుకురా. గానీ ఆమె చెయ్యి గాదు."

వాటిని కొత్త సీసాలో పోసి "పుచ్చ తొక్క" అని కాగితం అంటించాడు. అంతలో గిరాకీ ఒకామె పై అరలో పెద్దమ్మ ముక్కలు సగం దాకా ఉన్న పాత సీసా చూపించి, అవి కావాలంది. ఆయన తలెత్తి కూడా చూడలేదు.

"గవి అమ్మేటియి కావమ్మా" అన్నాడు. కొత్త సీసాలోంచే తూచి ఇచ్చాడు.